ఇది నాలుగున్నర యూరోల వైన్ కాదు

కొల్లెరూవో, అబ్రుజ్జో
13 ఫిబ్రవరి 2017

ఒరేయ్ నేవియో,

ఇక నీతో ఫోన్‌లో మాట్లాడనని క్రిస్మస్ నాడే చెప్పాను. మూడో నిమిషానికి నువ్వన్నా పెట్టేస్తావు, నేనన్నా పెట్టేస్తాను. అమ్మ బతికున్నప్పుడు మనిద్దరికీ చెప్పిన తీర్పే మేలు: "మీరు కాగితం మీద కొట్టుకోండి, నా చెవులు బతుకుతాయి." కాబట్టి ఇదిగో కాగితం.

ట్యూరిన్ బస్సు డ్రైవరుకి ఆరు సీసాలిచ్చి పంపాను. మన ద్రాక్షరైతుల సొసైటీ ఎర్ర వైనే. లేబుల్ మీద ద్రాక్షపందిరి బొమ్మ ఉంటుందే, ఊరంతా 'పందిరి సీసా' అంటారే, అదే. నాలుగున్నర యూరోలు. నాన్న వేసిన పందిరి కింద నేను పండించిన కాయ కూడా అందులో ఉంది.

ఇప్పుడా సీసాని చంపేస్తారట. సొసైటీకి కొత్త ప్రెసిడెంటు ఒర్లాందో. గుర్తుందా, బళ్లో నీ వెనక బెంచీలో కూచుని నీ నోటుపుస్తకంలోంచి చూసి రాసేవాడు. వాడు మిలాన్ నుంచి ఒక డాక్టర్ సవేరిని తెచ్చాడు. మన దేశంలో డిగ్రీ ఉన్న ప్రతివాడూ డాక్టరే కదా, ఈయన ద్రాక్షకి డాక్టరు. రోగిని ముట్టుకోకుండానే మందు రాశాడు. పందిళ్లన్నీ పీకేయాలట. వాటి చోట తీగలు కట్టి వరసలు వేయాలట. వైన్ ఊరబెట్టే సిమెంటు తొట్టెలు మానేసి ఓక్ చెక్క పీపాలు కొనాలట. చేత్తో ఎత్తితే మణికట్టు నొప్పెట్టేంత బరువు సీసా, ఇరవై రెండు యూరోల ధర. పందిరి సీసా ఇక ఉండదు. పందిరి పీకనన్నవాళ్ల కాయ ట్యాంకరులో పడి, పేరూ ఊరూ లేకుండా ఎక్కడికో పోతుంది.

నా రెండు హెక్టార్లూ పందిరే. అది పోతే నాకు మిగిలేది నేను నడిపే స్కూలు బస్సు స్టీరింగు.

నవంబరులో సెయింట్ మార్టిన్ పండగ రోజున సర్వసభ్య సమావేశం, ఓటు. అక్కడ చదవడానికి నాలుగు మాటలు రాసివ్వు. నా మాటకి ఊళ్లో విలువ లేదు, నోరెక్కువని పేరు. నువ్వు ముప్ఫై ఏళ్లుగా తెల్ల చొక్కా తొడుక్కుని డబ్బున్నవాళ్లకి వైన్ పోస్తున్నావు కాబట్టి నీ మాటకి విలువుంది. ఈ లోకం తీరు ఇంతే, ఏం చేస్తాం.

తాగి నిజం చెప్పు. నన్ను మంచి చేసుకోడానికి మాత్రం రాయకు.

పైకెత్తిన చేతులతో వారం రోజులుగా కొమ్మలు కత్తిరిస్తూ మెడ పట్టేసిన
నీ అక్క
ఎర్సీలియా


ట్యూరిన్
2 మార్చి 2017

అక్కా,

సీసాలు ఐదు చేరాయి. ఆరోది దారిలో పగిలిందన్నాడు డ్రైవరు. చొక్కా మీద ఒక్క మరకైనా లేదు గానీ మూతి మాత్రం ఎర్రగా ఉంది.

సోమవారం మా రెస్టారెంటుకి సెలవు. వంటావిడ బ్రూనా, నేనూ కూచుని తాగాం. నువ్వు నిజం చెప్పమన్నావు, చెబుతున్నాను. రంగు నల్లగా ఉంది. పుల్లటి చెర్రీ తగిలింది. వగరుంది, చివర్లో కాస్త చేదు, బాదంగింజ తొక్క చేదు. చెక్క వాసన అస్సలు లేదు. కొంచెం మోటుగా ఉంది, ఏదీ దాచుకోవడం తెలియని మనిషిలా. బ్రూనా గ్లాసు ఖాళీ చేసి ఒక్క మాట కూడా అనలేదు.

ధర చీటీ చూసి నాకు నవ్వొచ్చింది. ఇది నాలుగున్నర యూరోల వైన్ కాదక్కా. అయినా మా దగ్గర జాబితాలో పెట్టలేను. పెట్టినా ఎవరూ ముట్టుకోరు.

సభ కాగితం తీరిగ్గా రాస్తాను. ఈ వారం మంత్రిగారి కూతురి పెళ్లి విందు, ఊపిరాడ్డం లేదు. నీ మెడకి వేడినీళ్ల గుడ్డ వెయ్యి. నాన్న నిచ్చెన ఎక్కకు, రెండో మెట్టు ఊగుతుంది.

నీ తమ్ముడు
నేవియో


కొల్లెరూవో
11 మార్చి 2017

నేవియో,

మెట్టు ఊగడం నీకు గుర్తుంది. సంతోషం. నీ బుద్ధి ఎప్పుడు ఊగిందో అది చెప్పు.

వగరా? చేదా? మోటా? మీ వంటావిడకి మాట పడిపోయిందా? నీకు నవ్వొచ్చిందా? నాలుగున్నర యూరోల వైన్ కాదట! మరెంతది బాబూ, రెండా? నీళ్లకన్నా చౌకా? ఆ వైన్ తాగి పెరిగిన నాలుకతోనేగా నువ్వక్కడ ఉద్యోగం చేస్తున్నావు!

నిజం చెప్పమన్నాను, ఒప్పుకుంటాను. ఇంత నిజం అక్కర్లేదు.

ఉడుకెక్కి ఆ ఉత్తరం పట్టుకుని బార్‌కి పోయాను. "వినండి, మా వాడి నిర్వాకం!" అని అందరి ముందూ పైకి చదివాను. జైరా అక్కడే ఉంది, భర్త పోయాక కూడా మధ్యాహ్నం కాఫీకి ఆవిడ బార్‌కే వస్తుంది. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయినా ఊళ్లో అందరి రక్తపోటూ ఆవిడకి తెలుసు. "కూచో పిల్లా, ముఖం కందిపోయింది" అంది. ఒర్లాందో కూడా ఉన్నాడు. నేను నిన్ను తిడుతుంటే వాడు నవ్వలేదు, ఎదురు చెప్పలేదు. మెల్లిగా లేచి వచ్చి, "ఆ ధర మాట ఇంకోసారి చదువు ఎర్సీలియా" అన్నాడు. చదివాను. "ఇంకోసారి" అన్నాడు. మళ్లీ చదివాను. జేబులోంచి పెన్ను తీసి సిగరెట్టు పెట్టె మీద రాసుకున్నాడు.

నీ పుణ్యమా అని వాడి ముందు కూడా తలవంపులయ్యాయి.

సభ కాగితం అక్కర్లేదు.

ఎర్సీలియా


ట్యూరిన్
30 మార్చి 2017

అక్కా, అక్కా, అక్కా,

మూడుసార్లు పిలిచింది నువ్వు కాగితం చింపకుండా ఈ వాక్యం దాకా రావాలని.

నేను పొగిడానే! మా వృత్తిలో వగరంటే వెన్నెముక. ఆ చివరి చేదు వల్లే రెండో గుక్క కావాలనిపిస్తుంది. చెక్క వాసన లేదంటే కాయ తన సొంత గొంతుతో మాట్లాడుతోందని. బ్రూనా ఇక్కడి మనిషి, ఈ ట్యూరిన్ ఉన్న పీయెమోంతె మనిషి, వాళ్ల వైన్ కానిదేదీ ఆవిడకి వైనే కాదు. పద్నాలుగేళ్లలో ఆవిడ నోరు మూసుకోవడం నేను మూడుసార్లు చూశాను, ఇది నాలుగోసారి. నాలుగున్నర యూరోల వైన్ కాదంటే అంతకన్నా ఎన్నో రెట్లు మంచిదని! ఆ ధరకి ఇంత వైన్ ఇస్తున్నారా అని నవ్వొచ్చింది. జాబితాలో పెట్టలేనన్నది కూడా అందుకే. మా దగ్గరికొచ్చేవాళ్లు వేలితో ధరల వరస చదువుతారు, పేర్లు చదవరు. చౌకది కనిపిస్తే వేలు దాటిపోతుంది.

రుజువు చెబుతాను. ప్రతి గురువారం మధ్యాహ్నం ఒక రిటైరైన నోటరీ వస్తాడు, గాల్వాన్యో గారు. పోయిన గురువారం లేబుల్ కనపడకుండా జగ్గులోంచి ఆయనకి మన వైన్ ఒక గ్లాసు పోశాను, డబ్బు తీసుకోకుండా. తాగి కళ్లు మూసుకున్నాడు. "ఏమిటయ్యా ఇది?" అన్నాడు. "మోంటెపుల్చానో" అన్నాను. నిజమే కదా, మన ద్రాక్ష పేరు అదేగా. ఆయన, "ఆహా, ఆ కొండ మీద ఊరు! టస్కనీ! మా హనీమూన్ అక్కడే" అన్నాడు. టస్కనీలో ఆ పేరుతో ఊరుందనీ, మన కాయకీ దానికీ చుట్టరికం లేదనీ చెప్పబోయాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆగిపోయాను. "సీసా నలభైకి ఇస్తావా, ఇంటికి పట్టుకెళతాను" అన్నాడు. ఇవ్వలేదులే.

నలభై అక్కా! మరి ఒర్లాందో చెప్పేదాంట్లో ఏమీ లేదంటావా? పందిళ్లు పీకడం నాకూ నచ్చదు. కానీ ధర సంగతి ఆలోచించు. ఆ నాలుగున్నరలో పండించిన నీ చేతికి ఏం వస్తోంది? కోపం పక్కన పెట్టి దీనికొక్కదానికి జవాబు చెప్పు.

నీ మోటు తమ్ముడు
నేవియో


కొల్లెరూవో
9 ఏప్రిల్ 2017

నేవియో,

ఈ ఉత్తరంతో ఒక కరపత్రం పెట్టాను. సొసైటీ గోడకీ, చర్చి పక్క బోర్డుకీ, రొట్టెల కొట్టుకీ అంటించారు. పెద్దక్షరాలు చదువు:

"ట్యూరిన్‌లో పెద్దపెద్దవాళ్లకి వైన్ పోసే మన నేవియో మాట: ఇది నాలుగున్నర యూరోల వైన్ కాదు! పందిరి సీసా మానేద్దాం. మన విలువ మనం తెలుసుకుందాం."

ఒర్లాందోకి నీ వాక్యం మొదటిసారికే అర్థమైంది. నాకు కాలేదు. నా నోటితో, నా గొంతుతో, మూడుసార్లు చదివి వాడి చేతిలో పెట్టాను. నన్ను చూసి ఊరు నవ్వుతోంది, "అక్క ఒక పక్క, తమ్ముడు ఒక పక్క" అని. నా పక్కనున్న పద్దెనిమిది మంది పందిరి రైతుల్లో ఐదుగురు అప్పుడే అటు పోయారు. అందులో నా పొలం గట్టు పక్కవాడు కూడా ఉన్నాడు.

ఇక నీ నోటరీ. మన వైన్‌ని ఇంకొకడి ఊరి పేరుతో తాగనిచ్చావు. ఆయన కన్నీళ్లు చూసి కరిగావట. మన కొండకి కన్నీళ్లు లేవా? జీవితమంతా ఇదే చేశారు మనతో. మన కాయతో వాళ్ల వైన్‌కి రంగు తెచ్చుకున్నారు, ట్యాంకర్లకి ట్యాంకర్లు పట్టుకుపోయారు, పేరు మాత్రం వాళ్లది. దీని మీద నాన్న సమ్మె చేశాడు, గుర్తుందా? నువ్వూ ఆ నాన్న కొడుకువేనా? ఒక్క వాక్యం సరిదిద్దలేకపోయావు.

నీ ప్రశ్నకి జవాబు చెప్పను. ఇంక రాయకు.

ఎ.


కొల్లెరూవో
16 ఆగస్టు 2017

ఒరేయ్ నేవియో,

రాయకంటే నాలుగు నెలలు నిజంగానే రాయలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, చెయ్యొద్దన్నవాటిలో ఇదొక్కటే విన్నావు.

ఇక్కడ ఎండ మనుషుల్ని తినేస్తోంది. మే నెల నుంచి చుక్క వాన లేదు. డాక్టర్ సవేరి సొసైటీ స్థలంలో ఎప్పటినుంచో ఉన్న తీగల వరసల్ని తన నమూనా తోట చేసుకున్నాడు, 'మిలాన్ తోట' అంటున్నారు. ఆకులన్నీ అందంగా కత్తిరించి కాయకి వెలుతురు తగలాలన్నాడు. తగిలింది. గుత్తులు ఒక పక్క మాడి ఎండుద్రాక్షలయ్యాయి. నిన్న డాక్టరు గొడుగేసుకుని వచ్చి చూశాడు. గొడుగు తనకి, ద్రాక్షకి కాదు.

నేను వాళ్లనేమీ అనలేదు. (సరే, ఒక్క మాట అన్నాను. "డాక్టరుగారూ, ఎండదెబ్బకి మందేమిటండీ?" అన్నాను. అందరూ నవ్వారు. ఒర్లాందో కూడా కొంచెం.)

మన పందిరి కిందికి వెళ్లి కూచున్నాను. పైన ఆకు కప్పు, కింద నీడ, చెయ్యెత్తితే తగిలే ఎత్తులో చల్లటి గుత్తులు. చర్మం మీద దుమ్ము పొర తప్ప మచ్చ లేదు. పాతకాలపు మూర్ఖత్వమని డాక్టరు తీసిపారేసిన పందిరే, నేవియో, ఈ ఏడు కాయని బతికించింది. ఏ చదువూ లేని తాతలు నీడ అంటే ఏమిటో తెలుసుకునే కట్టారు దాన్ని.

కోపంలోనే ఆలోచిస్తాను నేను, నీకు తెలుసుగా. 'చౌక' అనే మాటని తిట్టుగా ఎవరు మార్చారు? కొనగలిగినవాళ్లు మార్చారు. మంచిదేదో కొందరికే దొరకాలి, అందరికీ దొరికిందంటే అది మంచిది కాదు, ఇదీ వాళ్ల లెక్క. మన సీసా ఆ లెక్కకి అడ్డం పడుతోంది. తాపీమేస్త్రీ ఆదివారం పుల్లలకి గుచ్చిన గొర్రెమాంసం కాల్చుకుని దీన్నే తాగుతాడు. జైరా పెన్షను మీద బతుకుతూ దీన్నే తాగుతుంది. బస్సు దిగి నేనూ అదే. ఎవరికీ తక్కువ రకం పోయడం లేదు, తొట్టెలో ఉన్న మేలైనదే పోస్తున్నాం. ఇరవై రెండు యూరోలు పెడితే ఈ ముగ్గురి బల్లల మీదినుంచీ దాన్ని లాక్కోవడమే. పండించినవాళ్లకి పండించింది అందకపోతే, దాన్ని గొప్ప వైన్ అనడానికి సిగ్గుండాలి.

జైరాకి నీ రెండు ఉత్తరాలూ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చదివి, "మొదటిది పొగడ్తే కదే పిల్లా! వాడూ నీలాంటివాడే, తిట్టినట్టు పొగుడుతాడు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కానీ నీ చేతికి ఏం వస్తోందని వాడడిగిన రెండో ప్రశ్న మంచిది" అంది.

ఆ ప్రశ్నకి ఇంకా జవాబు లేదు.

నోటరీకి నిజం చెప్పావా?

నీడలో కూచుని రాస్తున్న
అక్క


ట్యూరిన్
26 అక్టోబరు 2017

అక్కా,

ఆగస్టు ఉత్తరానికి జవాబు అక్టోబరులో రాస్తున్నాను. రెండు నెలలు ధైర్యం కోసం పట్టింది, ఉత్తరం రాయడానికి పట్టింది గంటే.

నోటరీగారు ప్రతి గురువారం 'ఆ టస్కనీది' అని అడుగుతూనే ఉన్నాడు. నేను పోస్తూనే ఉన్నాను. బస్సు డ్రైవరుతో నేరుగా తెప్పించుకుంటున్నాను, నీకు చెప్పలేదు. పోయిన గురువారం జగ్గు కాకుండా సీసానే బల్ల మీద పెట్టాను, పందిరి బొమ్మ ఆయన వైపు తిప్పి.

"ఇదేమిటి?" అన్నాడు.

"ఇన్నాళ్లూ మీరు తాగింది ఇదేనండి. మోంటెపుల్చానో ఊరు కాదు, మా ద్రాక్ష. మా అక్క పండిస్తుంది. అబ్రుజ్జోలో. నాలుగున్నర యూరోలు."

ఆయన ఒక గుక్క తాగాడు. ఏడు నెలలు కళ్లు మూసుకుని తాగినవాడు ఈసారి కళ్లు తెరిచి తాగాడు. "అవును, ఇప్పుడు తెలుస్తోంది, కాస్త నాసిగా ఉంది" అని గ్లాసు పక్కకి నెట్టాడు.

అక్కా, అదే సీసా. అదే గ్లాసు. మారిందల్లా ధర. ముప్ఫై ఏళ్లుగా నేను వైన్ పోస్తున్నాననుకున్నాను, ధర చీటీలు పోస్తున్నానన్నమాట. తప్పు నాదే. మొదటి రోజే నిజం చెప్పి ఉంటే ఆయన తన నాలుకని నమ్మేవాడేమో. నేనే ఆ అవకాశం ఇవ్వలేదు.

బ్రూనా వంటింట్లోంచి చూస్తోంది. ఏప్రన్‌తోనే వచ్చి, నెట్టేసిన ఆ గ్లాసు ఎత్తి, ఆయన ముందే నిలబడి మొత్తం తాగేసింది. "నాసిగా లేదే" అంది. వెళ్లిపోయింది. నాలుగుసార్లు నోరు మూసుకున్న మనిషి ఐదోసారి మూసుకోలేదు.

యజమాని నన్ను పిలిచి చీవాట్లు పెట్టాడు. అయినా జాబితాలో పెట్టాను. అసలు పేరుతో, ఊరి పేరుతో, చివరి వరసలో, అన్నిటికన్నా తక్కువ ధరకి. మొదట అడిగింది పక్క వీధిలో గోడలకి రంగులేసేవాళ్లు ఇద్దరు. ఆ రోజు ఒకడి పుట్టినరోజు.

సభ కాగితం ఫిబ్రవరిలో అడిగావు. ఇదిగో, మూడు వాక్యాలు:

"నా మాటని కరపత్రంలో సగమే వేశారు. ఇది నాలుగున్నర యూరోల వైన్ కాదు, ఇంతకన్నా ఎక్కువ ధర పెట్టి నేను పోసిన చాలా వైన్లకన్నా మేలైనది. అందుకే అది అందరికీ అందేలా ఉంచండి, పందిరి పీకకండి, నేను చేసినట్టు దాని పేరు మాత్రం దాచకండి."

నా రెండో ప్రశ్న ఇంకా అలాగే ఉంది. కోపం తగ్గాక జవాబు చెప్పు.

నేవియో


కొల్లెరూవో
12 నవంబరు 2017

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న సెయింట్ మార్టిన్ పండగ. కొత్త వైన్ తెరిచే రోజున ఓటు పెట్టడం ఎవరి ఆలోచనో గానీ, సగం మంది తాగి వచ్చారు, మిగతా సగం తాగడానికి వచ్చారు.

డాక్టరు బొమ్మలు చూపిస్తూ గంట మాట్లాడాడు. బరువు సీసాని చేతి నుంచి చేతికి తిప్పారు. తాపీమేస్త్రీ దాన్ని ఎత్తి చూసి, "దీంతో మేకు కొట్టొచ్చు" అన్నాడు. తర్వాత నన్ను పిలిచారు. నీ మూడు వాక్యాలూ చదివాను. ఒర్లాందో ముఖం ఎర్రబడింది. కానీ లేచి నిలబడి, "కరపత్రంలో సగమే వేసిన మాట నిజం. నేను బళ్లో కూడా నేవియో నోటుపుస్తకంలోంచి సగమే రాసుకునేవాణ్ణి" అన్నాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ ఒక్క మాటకి వాణ్ణి సగం క్షమించాను. మిగతా సగం నా దగ్గరే ఉంచుకున్నాను.

కూచోబోతూ ఆగాను. నా నోరు నీకు తెలుసుగా, ఒకసారి తెరిస్తే మూతపడదు. ఆ నాలుగున్నరలో నా చేతికి ఏం వస్తోందన్న నీ రెండో ప్రశ్న నోటికొచ్చింది. ఏడు నెలలుగా జవాబు చెప్పకుండా తప్పించుకుంది ఎందుకో తెలుసా? జవాబు ఒర్లాందోకి పనికొస్తుందని భయం. అందరికీ అందాలి అని నేను అరుస్తున్న ఆ వైన్, పండించినవాళ్ల ఒళ్లు హూనం చేసి అందుతోంది. నా పొలం గట్టు పక్కవాడు అటు పోయింది డాక్టరు మాటలు నమ్మి కాదు, పిల్లల బూట్లకి. వాణ్ణి ద్రోహి అన్నాను. తప్పు. తాగేవాళ్ల మీద జాలిపడి పండించేవాళ్లని మరిచిపోయే మాట న్యాయం కాదని నాన్న అయితే మొదటి రోజే అనేవాడు.

అందుకని అక్కడికక్కడే ఒక తీర్మానం పెట్టాను. పందిళ్లు ఉంటాయి. తొట్టెలు ఉంటాయి. పందిరి సీసా ఉంటుంది, పేరు మారదు. ధర మాత్రం యాభై సెంట్లు పెరుగుతుంది, ఆ యాభై సెంట్లు సొసైటీ చేతికి కాదు, నేరుగా కాయ పండించినవాళ్లకి.

వెనక వరసలోంచి జైరా లేచింది. ఆ కాస్త పెన్షనులో ఆవిడకి యాభై సెంట్లు కూడా యాభై సెంట్లే. "నువ్వు దొంగవి ఎర్సీలియా" అంది. "నెలకి రెండు కాఫీలు నా నోట్లోంచి లాక్కున్నావు." చెయ్యి ఎత్తింది. తిట్టడానికనుకున్నాను. ఓటుకి. ఆవిడ చెయ్యి చూసి గట్టు పక్కవాడు ఎత్తాడు. తర్వాత లెక్కపెట్టాల్సిన పనే లేకపోయింది. ఒర్లాందో అందరికన్నా ఆఖర్న ఎత్తాడు, కానీ ఎత్తాడు. డాక్టరు ఎత్తలేదు, ఆయనకి ఓటు లేదు.

కొత్త వైన్ తెరిచాం. రంగు నల్లగా ఉంది. వగరుంది. చివర్లో చేదు తగిలింది. మోటుగా ఉంది, దాచుకోవడం తెలియని మనిషిలా. ఇప్పుడర్థమైంది నాకు.

బ్రూనా గారికి నా ముద్దులు చెప్పు. బస్సు డ్రైవరుకి ఏడు సీసాలిచ్చాను, నీకు ఆరు చేరతాయి. రంగులేసేవాళ్లు మళ్లీ వస్తే ధర మారిందని చెప్పు, ఎందుకు మారిందో కూడా చెప్పు.

నీ మాటే నిజమైంది రా. ఇది నాలుగున్నర యూరోల వైన్ కాదు.

ఐదు.

నీ అక్క
ఎర్సీలియా